రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ

రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ (జనవరి 23, 1893 - మార్చి 11, 1979) తెలుగు, సంస్కృత, ప్రాకృత, కన్నడ భాషలలో పండితులు, విమర్శకులు, కవి, కర్ణాటక సంగీత శాస్త్రవేత్త. తిరుమల ఆలయంలో రాగిరేకులపై శతాబ్దాలపాటు మరుగునపడి ఉన్న తాళ్ళపాక కవుల సంకీర్తనలను పరిష్కరించిన పండితులలో ఆయన ముఖ్యులు. అంతేకాక అన్నమాచార్యుని 108 సంకీర్తనలకు స్వరరచన చేసి, అవి మళ్ళీ గాయకుల నోట వినబడడానికి కారకులయ్యారు. నేడు గ్రామఫోను రికార్డులు, క్యాసెట్లు, సీడీలు దాటి వచ్చిన అన్నమయ్య పాటకు మొదటి మెట్టు వేసినవారిలో శర్మ ఒకరు. అయినా పాట వినేవారిలో ఎక్కువమందికి ఆయన పేరు తెలియదు.

బాల్యము, విద్యాభ్యాసము

శర్మ అనంతపురం జిల్లా కంబదూరు మండలానికి చెందిన రాళ్ళపల్లి గ్రామంలో జన్మించారు. తండ్రి కర్నమడకల కృష్ణమాచార్యులు, తల్లి అలమేలుమంగమ్మ. ఊరి పేరే ఇంటిపేరుగా స్థిరపడింది. అన్నమయ్య వేల పాటలలో కీర్తించిన అలమేలుమంగ పేరే ఆ పాటలను పరిష్కరించిన పండితుని తల్లి పేరు కూడా కావడం యాదృచ్ఛికమే కాని, చెప్పుకోదగిన విషయం.

బాల్యంలో తండ్రి వద్ద సంస్కృతం, తెలుగు నేర్చుకున్నారు. తరువాత మైసూరు వెళ్ళి పరకాల మఠంలో సంస్కృత విద్యను కొనసాగించారు. ఆనాటి మైసూరు సంస్థానం సంగీతానికి పెట్టింది పేరు. వీణ శేషన్న, బిడారం కృష్ణప్ప, మైసూరు వాసుదేవాచార్యులు వంటివారు అక్కడ ఉండేవారు. శర్మ బిడారం కృష్ణప్ప వద్ద సంగీతం అభ్యసించారు. సాహిత్యమూ సంగీతమూ సమానంగా తెలిసిన పండితులు ఏ కాలంలోనైనా తక్కువే. ఆయన తరువాత చేసిన పనికి ఈ రెండూ కావలసి వచ్చాయి.

మైసూరులో ఉద్యోగం

మైసూరులో శర్మకు కట్టమంచి రామలింగారెడ్డితో పరిచయమైంది. రెడ్డి చిత్తూరు సమీపంలోని కట్టమంచికి చెందినవారు. శర్మ ప్రతిభను గుర్తించి ఆయనకు మహారాజా కళాశాలలో తెలుగు పండితునిగా 1912లో ఉద్యోగం లభించేలా చేశారు. శర్మ సుమారు 38 సంవత్సరాలు ఆ ఉద్యోగంలోనే కొనసాగారు. కన్నడ దేశంలో ఉంటూ తెలుగు బోధించడం, రెండు భాషలలోనూ వ్రాయడం ఆయనకు అలవాటైంది.

రామలింగారెడ్డి ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ఉపాధ్యక్షులుగా ఉన్న కాలంలో, 1928లో, శర్మ వేమనపై ఉపన్యాసాలు ఇచ్చారు. అవి 1929లో వేమన అనే పుస్తకంగా వెలువడ్డాయి. వేమన పద్యాలు నలుగురి నోళ్ళలో నలిగి, పాఠభేదాలతోను, ఇతరుల పద్యాలతోను కలిసిపోయి ఉన్నాయి. వాటిలో కవి మాట ఏది, లోకం మాట ఏది అని తేల్చవలసిన చిక్కు శర్మకు అక్కడే ఎదురైంది. తిరుపతిలో అదే చిక్కు మరొక రూపంలో ఎదురు కావలసి ఉంది.

మహారాజా కళాశాలలో మనస్తత్వశాస్త్ర ఆచార్యులైన ఎం.వి. గోపాలస్వామి 1935లో మైసూరులో ఒక రేడియో కేంద్రాన్ని నెలకొల్పారు. దానికి ఆకాశవాణి అనే పేరు శర్మ సూచించినదేనని తెలుగునాట చెప్పుకుంటారు. ఆ పేరే తరువాత దేశమంతటి రేడియోకూ స్థిరపడింది.

రాగిరేకుల పూర్వచరిత్ర

శర్మ తిరుపతిలో చేసిన కృషి అర్థం కావాలంటే రాగిరేకుల సంగతి కొంత తెలియాలి. తాళ్ళపాక అన్నమాచార్యుడు (1408 - 1503) ముప్పది రెండు వేల సంకీర్తనలు రచించాడని ఆయన మనుమడు చినతిరువేంగళనాథుడు అన్నమాచార్య చరిత్రలో చెప్పాడు. అన్నమయ్య కుమారుడు పెదతిరుమలాచార్యుని కాలంలో ఈ సంకీర్తనలను రాగిరేకులపై చెక్కించి, తిరుమల ఆలయ ప్రాకారంలోనే ఒక చిన్న రాతి అరలో భద్రపరిచారు. దానినే తాళ్ళపాక అర లేదా సంకీర్తన భాండాగారం అంటారు. పెదతిరుమలాచార్యుని పాటలు, అతని కుమారుడు చినతిరుమలాచార్యుని పాటలు కూడా అక్కడే చేరాయి. అధ్యాత్మ సంకీర్తనలకు, శృంగార సంకీర్తనలకు రేకులు వేరువేరు.

తాటాకు గ్రంథాన్ని కొంత కాలానికొకసారి తిరిగి వ్రాయకపోతే నశిస్తుంది. రాగిరేకుకు ఆ భయం లేదు. ఆ కుటుంబం తమ పాటను కాలానికి నిలబెట్టాలని ఎంతో ఖర్చుకు సిద్ధపడిందన్నమాట. అయితే వస్తువు నిలిచినంత మాత్రాన పాట నిలవలేదు. విజయనగర సామ్రాజ్య పతనానంతరం కైంకర్యాలు తగ్గాయి. వంశంలో పాడేవారు తగ్గారు. క్రమంగా ఆ అరలో ఏమున్నదో కూడా జనం మరచిపోయారు. జోలపాటలు, భజన కీర్తనలు వంటివి కొన్ని మాత్రం ప్రజల నోట మిగిలాయి.

పూర్తిగా ఎవరికీ తెలియకుండా పోయాయనడం కూడా సరికాదు. ఎ.డి. కాంప్‌బెల్ 1816లో ప్రచురించిన తన తెలుగు వ్యాకరణంలో తిరుపతి రాగిరేకులను ప్రస్తావించాడు. వాటిలో తెలుగు భాష చరిత్రకు, వ్యాకరణానికి ఆధారాలు దొరుకుతాయని ఆశించి నకలు తీయించాడు. తీరా చూస్తే అవన్నీ దేవుని మీద పాటలే. ఆయనకు కావలసినది అది కాదు గనుక విషయం అక్కడితో ఆగిపోయింది. వెతుకుతున్నది దొరకలేదని, దొరికినదాన్ని వదిలివేసిన సందర్భాలలో ఇంతటిది మరొకటి తెలుగు సాహిత్య చరిత్రలో లేదనవచ్చు.

మరో శతాబ్దం గడిచాక, 1920లలో, దేవస్థానం శాసన పరిశోధకులు సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి ఈ రేకుల ప్రాముఖ్యాన్ని గుర్తించి వెలుగులోకి తెచ్చారు. రేకులను కొండ దిగువకు తెచ్చి నకళ్ళు తీయించారు. 1930లలో పండిత విజయరాఘవాచార్యుల సంపాదకత్వంలో ముద్రణ ప్రారంభమైంది. తరువాత వేటూరి ప్రభాకరశాస్త్రి (1888 - 1950) తిరుపతికి వచ్చి శ్రీ వేంకటేశ్వర ప్రాచ్య పరిశోధన సంస్థలో ఈ పనిని చేపట్టారు. చాటుపద్యాలను, తాళపత్రాలను ఊరూరా తిరిగి సేకరించిన అనుభవం ఆయనది. అన్నమాచార్య చరిత్రను విపులమైన పీఠికతో ప్రకటించి అన్నమయ్య జీవితానికి ఒక రూపం కల్పించినది కూడా ఆయనే. 1950 ఆగస్టు 29న ప్రభాకరశాస్త్రి మరణించారు.

తిరుపతిలో పరిష్కరణ

మైసూరులో ఉద్యోగ విరమణ చేసిన శర్మను ప్రాచ్య పరిశోధన సంస్థ సంచాలకులు పరవస్తు వేంకటరామానుజస్వామి తిరుపతికి ఆహ్వానించారు. అప్పటికి శర్మ వయస్సు యాభై ఆరు దాటింది. ప్రభాకరశాస్త్రి మరణానంతరం సంకీర్తనల పరిష్కరణ భారం ప్రధానంగా శర్మ మీద పడింది. 1950లలో ఆయన పరిష్కరణలో పలు సంపుటాలు వెలువడ్డాయి. 1954లో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం ఏర్పడిన తరువాత ఆ సంస్థ విశ్వవిద్యాలయంలో భాగమైంది.

ఈ పని కేవలం నకలు చూసి అచ్చుకు ఇవ్వడం కాదు. రేకులపై లిపి పదహారవ శతాబ్దపు తెలుగు లిపి. మాటకు మాటకు మధ్య ఎడం ఉండదు. విరామ చిహ్నాలు లేవు. చెక్కినవాడు ఒక అక్షరం వదిలివేసినా, ఒకదానికి బదులు మరొకటి చెక్కినా సరిచూసుకోవడానికి మరొక ప్రతి లేదు. అన్నమయ్య భాష పండితుల కావ్యభాష కాదు. రాయలసీమ పల్లెల పలుకుబడి, సామెతలు, నిఘంటువులకు ఎక్కని మాటలు అందులో నిండుగా ఉన్నాయి. కోస్తా పండితునికి తప్పుగా తోచే మాట ఈ సీమవానికి ఇంట్లో విన్న మాట కావచ్చు. అనంతపురం జిల్లా పల్లెలో పుట్టిన శర్మకు ఈ విషయంలో ఉన్న సౌలభ్యం చిన్నది కాదు. కన్నడం బాగా తెలిసి ఉండడం కూడా ఇందుకు తోడ్పడింది.

ప్రతి సంకీర్తనకూ రేకు సంఖ్య, ఆ రేకులో పాట సంఖ్య ఇచ్చే పద్ధతి ఈ ముద్రణలలో స్థిరపడింది. గ్రామఫోను రికార్డులు సేకరించేవారు లేబుల్ మీది సంఖ్యను చూసి ఇది ఏ ముద్రణ, ఎప్పటిది అని గుర్తించినట్లే, అన్నమయ్య పాటను పరిశీలించేవారు ఈ రేకు సంఖ్యనే ఆధారం చేసుకుంటారు. ఒకే పల్లవితో మొదలయ్యే పాటలు, ఒకరి పాట మరొకరి పేర ప్రచారమైనవి తేల్చుకోవడానికి ఇంతకంటే వేరే దారి లేదు. మొత్తం మీద నేటికి లభించినవి ముప్పది రెండు వేలలో సగం కూడా కావు. మిగిలిన రేకులు ఏమైనాయో చెప్పడానికి ఆధారాలు లేవు.

స్వరరచన

రేకులపై ప్రతి పాటకూ రాగం పేరు ఉంది. తాళం సాధారణంగా లేదు. స్వరాలు అసలే లేవు. అంటే అన్నమయ్య ఈ పాటను ఏ రాగంలో పాడాడో తెలుస్తుంది కాని ఎలా పాడాడో తెలియదు. త్యాగరాజు కృతులకు శిష్యపరంపర ఉంది. ఒక శిష్యుడు మరచినది మరొకరి వద్ద దొరుకుతుంది. తాళ్ళపాక పాటకు ఆ పరంపర తెగిపోయింది.

రాగం పేరు ఉన్నా చిక్కు తీరదు. సాళంగనాట, గుండక్రియ, దేసాక్షి, పాడి వంటి రాగాలు రేకులలో విరివిగా కనిపిస్తాయి. నేటి కచేరీలలో వీటిని వినడం అరుదు. కొన్ని పేర్లయితే ప్రచారంలో నుండి పూర్తిగా తొలగిపోయాయి. పేరు నిలిచి స్వరూపం మారినవి మరింత చిక్కు కలిగిస్తాయి. ముఖారి ఇందుకు మంచి ఉదాహరణ. అన్నమయ్య తరువాత సుమారు అర్ధ శతాబ్దానికి, 1550లో, రామామాత్యుడు రచించిన స్వరమేళకళానిధిలో ముఖారి మొదటి మేళం. అందులో అన్నీ శుద్ధ స్వరాలే. అది నేటి కనకాంగి మేళానికి సరిపోతుంది. ఈనాడు మనం వినే ముఖారి వేరు. కనుక రేకుపై ముఖారి అని ఉన్నంత మాత్రాన నేటి ముఖారిలో పాడితే అన్నమయ్య బాణీ వచ్చినట్లు కాదు. ఈ లక్షణ గ్రంథాలన్నీ తెలిసిన శర్మకు ఈ ఇబ్బంది ఇతరులకంటే బాగా తెలుసు.

ఇక రెండే దారులు. పాత బాణీ దొరకదు కనుక పాటలను సాహిత్యంగానే అచ్చువేసి ఊరుకోవడం ఒకటి. సంగీత సంప్రదాయం తెలిసినవారు కొత్తగా స్వరపరచి, ఇది కొత్త స్వరరచన అని తెలిసేటట్లుగానే లోకానికి ఇవ్వడం రెండవది. శర్మ రెండవ దారిని ఎంచుకున్నారు. వేలకొద్దీ పాటలు చేతిలో ఉండగా 108 పాటలకు మాత్రమే స్వరరచన చేశారు. వాటిని స్వరసహితంగా దేవస్థానం ప్రచురించింది. స్వరం అచ్చులో ఉంటే నేర్చుకునేవారికి మార్గం ఏర్పడుతుంది. మార్చినవారు ఎక్కడ మార్చారో కూడా తెలుస్తుంది. పరిష్కర్తకు ఉండవలసిన నిజాయితీ ఇందులో కనిపిస్తుంది.

ఈ స్వరరచనలలో ఆడంబరం తక్కువ. అన్నమయ్య సంకీర్తనలో పల్లవి తరువాత సాధారణంగా మూడు చరణాలుంటాయి. భావం చరణం చరణానికీ పెరుగుతూ పోతుంది. సంగతులు ఎక్కువైతే శ్రోతకు మాట తప్పిపోతుంది. సాహిత్య విమర్శకులు కూడా అయిన శర్మ స్వరాన్ని మాటకు లోబడి ఉంచారని ఆయన బాణీలు పాడినవారికి తోస్తుంది. కచేరీలో మనోధర్మానికి చోటు కావాలనుకునే గాయకులకు ఇది కొంత వెలితిగా తోచవచ్చు. అది రుచిభేదం.

రాగిరేకు నుండి రికార్డుకు

పుస్తకాలలో వెలువడిన పాటలు జనంలోకి వెళ్ళడానికి రేడియో ముఖ్య కారణమైంది. విజయవాడ ఆకాశవాణి భక్తిరంజని కార్యక్రమంలో బాలాంత్రపు రజనీకాంతరావు, మంగళంపల్లి బాలమురళీకృష్ణ, మల్లిక్ వంటివారు అన్నమయ్య పాటలకు చోటు కల్పించారు. 1978లో తిరుమల తిరుపతి దేవస్థానం అన్నమాచార్య ప్రాజెక్టును ప్రారంభించింది. పాటల పరిశోధన, స్వరరచన, ప్రచారం, రికార్డింగు దాని ధ్యేయాలు. శర్మ ఆ ప్రారంభాన్ని మాత్రమే చూడగలిగారు.

ఆయన మరణానంతరం, 1980 ప్రాంతంలో, ఎం.ఎస్. సుబ్బులక్ష్మి పాడిన బాలాజీ పంచరత్నమాల ఐదు లాంగ్ ప్లే రికార్డులుగా హెచ్.ఎం.వి. సంస్థ ద్వారా వెలువడింది. దేవస్థానం కార్యనిర్వహణాధికారి పి.వి.ఆర్.కె. ప్రసాద్ దీనికి పూనుకున్నారు. అందులోని అన్నమయ్య సంకీర్తనలు తెలుగు రాని ఇళ్ళలో కూడా వినబడ్డాయి. ఈ రికార్డులు తరువాత క్యాసెట్లుగా, అటుపైన సీడీలుగా పలుమార్లు పునర్ముద్రణ పొందాయి. పాత 78 ఆర్.పి.ఎం. పళ్ళెంలో ఒక వైపు మూడు నిమిషాలు దాటితే కష్టం. మూడు చరణాల పాట తీరికగా పాడడానికి లాంగ్ ప్లే రికార్డు అనువైనది. ఆ విధంగా చూస్తే అన్నమయ్య పాట సరైన సమయంలోనే రికార్డుకు ఎక్కింది.

రికార్డు పాటను నిలబెట్టడమే కాదు, బాణీని కూడా స్థిరపరుస్తుంది. నానాటి బదుకు అనే సంకీర్తనకు రేకుపై ఉన్న రాగం ముఖారి. నేదునూరి కృష్ణమూర్తి దానిని రేవతి రాగంలో స్వరపరిచారు. రికార్డులు విని పెరిగిన శ్రోతకు ఆ పాట అంటే రేవతే. మరొక రాగంలో పాడితే తప్పు పాడారని అనుకునేవారూ ఉన్నారు. నేదునూరి బాణీ అందాన్ని ఎవరూ కాదనరు. కాని రేకులో ఏముంది, స్వరకర్త చేర్చినదేమిటి అనే భేదం తెలియకుండా పోవడం శర్మ వంటి పరిష్కర్తల శ్రమను సగం మరచిపోవడమే. క్యాసెట్ల మీద, సీడీల మీద చాలాసార్లు గాయకుని పేరు, అన్నమయ్య పేరు ఉంటాయి. స్వరకర్త పేరు ఉండదు. రేకు సంఖ్య అసలే ఉండదు. పాటలు సేకరించేవారు ఏ పాట ఎవరి బాణీయో తెలుసుకోవడానికి శర్మ స్వరపరచిన పుస్తకాన్ని దగ్గర ఉంచుకోవడం మేలు.

ఆ తరువాతి కాలంలో దేవస్థానంలో పనిచేసిన గరిమెళ్ళ బాలకృష్ణప్రసాద్ (2025లో మరణించారు) ఆరువందలకు పైగా సంకీర్తనలను స్వరపరిచారు. దేవస్థానం నెలకొల్పిన శ్రీ వేంకటేశ్వర రికార్డింగ్ ప్రాజెక్టు అంతవరకు ఎవరూ పాడని పాటలను రికార్డు చేయించింది. 1997లో వచ్చిన అన్నమయ్య చలనచిత్రం మరొక విధమైన ప్రచారం తెచ్చింది. ముద్రణ విషయానికి వస్తే, గౌరిపెద్ది రామసుబ్బశర్మ మొదలైనవారి పరిష్కరణతో తాళ్ళపాక సాహిత్యం మొత్తం 29 సంపుటాలుగా దేవస్థానం పునర్ముద్రించింది. శర్మ పరిష్కరించిన పాఠాలు వాటిలో చేరాయి.

ఇతర రచనలు

వేమనతో పాటు నాటకోపన్యాసములు, సారస్వతాలోకము ఆయన విమర్శన గ్రంథాలలో ప్రసిద్ధమైనవి. హాలుని ప్రాకృత గాథలను శాలివాహన గాథాసప్తశతీ సారము పేరుతో తెలుగు పద్యాలలోకి తెచ్చారు. కాకతీయ గణపతిదేవుని సేనాని జాయప రచించిన నృత్తరత్నావళికి ఆయన చేసిన తెలుగు అనువాదాన్ని ఆంధ్రప్రదేశ్ సంగీత నాటక అకాడమీ 1969లో ప్రచురించింది. కన్నడంలో గానకలె, సాహిత్యవు మత్తు జీవన కలె వ్రాశారు. తారాదేవి, మీరాబాయి ఆయన కావ్యాలు. పెనుగొండ కొండపై ఆయన రచించిన గేయాన్ని రాయలసీమవారు ఇప్పటికీ పాడుకుంటారు. ఆయన కవిత్వానికి రావలసినంత పేరు రాలేదు.

గౌరవాలు, మరణం

మద్రాసు సంగీత అకాడమీ 1974లో ఆయనకు సంగీత కళానిధి బిరుదునిచ్చింది. ఈ బిరుదు సాధారణంగా కచేరీ విద్వాంసులకు లభిస్తుంది. జీవితమంతా భాషా పండితునిగా ఉద్యోగం చేసినవారికి లభించడం విశేషం. చివరి సంవత్సరాలు బెంగుళూరులో గడిపారు. తిరుమల తిరుపతి దేవస్థానం ఆయనను ఆస్థాన విద్వాంసునిగా నియమించి సన్మానించింది. ఆ సన్మానం అందుకున్న రోజునే, 1979 మార్చి 11న, ఆయన కన్నుమూశారు.

ఆయన జయంతి, వర్ధంతి సభలను తిరుపతిలోని అన్నమాచార్య కళామందిరంలో దేవస్థానం నిర్వహిస్తూ వస్తోంది. తాళ్ళపాక రాగిరేకులు కొన్నింటిని తిరుమలలోని శ్రీ వేంకటేశ్వర మ్యూజియంలో చూడవచ్చు.